తిప్పమ్మ పిడికిలి

అనగనగా, ఆ అనగనగాకి కూడా ఇంకా ముందు, కొండల మధ్య నీలగుంట అనే రాజ్యం ఒకటి ఉండేది. రాజ్యం అనగానే మరీ పెద్దగా ఊహించుకోకండి. రాజుగారు కోటలో తుమ్మితే పొలిమేరలో ఎవరో ఒకరు "చిరంజీవ" అనేవాళ్ళు. అంత రాజ్యం. మూడు పల్లెలు, అరవై గడపలు, ఒక కోట. ఆ కోట కూడా రెండంతస్తుల మట్టి మేడే.

నీలగుంటలో అందరికీ మొక్కజొన్నే తిండి. వరి పండదు, చెరువు లేదు. ఉన్నదల్లా ఏటవాలు చేలు, ఏడాదికి ఒక్క పంట.

అక్కడొక ఆచారం ఉండేది. పంట చేతికి రాగానే ప్రతి ఇంటివాళ్ళూ తమ చేలో అన్నిటికంటే మంచి కంకులు ఏరి, పొట్టు వెనక్కి మడిచి, ఆడపిల్ల జడలా అల్లి, కోటకి తెచ్చి ఇచ్చేవాళ్ళు. కోట వంటింటి పైన ఒక అటక ఉండేది. ఆ జడలన్నీ అక్కడ దూలాలకి వేలాడేవి. కింద పొయ్యి పొగ తగులుతుంటే గింజకి పురుగు పట్టదు. పల్లెల్లో అన్నీ గడ్డి ఇళ్ళు, ఎలకలు, నిప్పు భయం. అందుకే కోటలో దాచడం. తొలకరి పడిన మర్నాడు ఎవరి జడ వాళ్ళకి ఇచ్చేస్తారు. వాళ్ళు తీసుకెళ్ళి విత్తుకుంటారు.

అంటే ఆ అటక మీద వేలాడుతున్నది నీలగుంటకి వచ్చే ఏడాది తిండి మొత్తం.

ఈ సంగతి అక్కడ పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. తెలియంది ఒక్క మనిషికే. ఆవిడే రాజుగారి ఒక్కగానొక్క కూతురు, కనకలేఖ.

పాపం, ఆ పిల్ల తప్పు కూడా కాదు. చిన్నప్పటినుంచీ అమ్మమ్మగారి పట్నంలో పెరిగింది. నీలగుంటకి వచ్చి రెండు నెలలు. పదహారేళ్ళు. చురుకైనదే, ధైర్యం ఉన్నదే. కానీ ఒక్క జబ్బు. ఎదుటివాళ్ళు మాట మొదలుపెడితే చాలు, మిగతాది తనే పూర్తి చేసేస్తుంది. అదీ తప్పుగా.

వేసవి చివర్లో రాజుగారు నది అవతల మేనల్లుడి పెళ్ళికి బయల్దేరారు. కోట తాళాలు కూతురి చేతిలో పెట్టారు.

"తొలకరి లోపల వచ్చేస్తానమ్మా. ఒక్క మాట. ఆ అటక మీద..."

"ఎలకలు రాకుండా చూడాలి. తెలుసు నాన్నగారూ, మీరు వెళ్ళండి."

నిజంగా తెలుసేమో అనుకుని రాజుగారు పల్లకీ ఎక్కేశారు. పల్లకీ నది దాటింది. ఇక చూడండి.

రెండ్రోజులు కనకలేఖ కోటంతా తిరిగింది. మూడోరోజుకి విసుగొచ్చింది. కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఏనుగుతల కొండ. నీలగుంట నది పుట్టేది దాని నెత్తిమీదే. అక్కడిదాకా వెళ్ళినవాళ్ళు ఎవరూ లేరట. ఇంకేముంది, నేను వెళ్తానంది. పది రోజుల ప్రయాణం, నలభై మంది మనుషులు, డేరాలు, మూటలు.

చిక్కల్లా తిండి దగ్గర వచ్చింది. వేసవి చివర ఆ అడవిలో గడ్డి ఎండి గలగల్లాడుతుంటుంది. నిప్పు రాజేశారంటే కొండ మొత్తం కాలిపోతుంది. కాబట్టి పొయ్యి లేదు, వంట లేదు. పది రోజులు పాడవకుండా ఉండాలి, బరువుండకూడదు, అలాగే నోట్లో వేసుకుంటే ఆకలి తీరాలి. అలాంటి తిండి చేసే మనిషి నీలగుంటలో ఒక్కతే ఉంది. తిప్పమ్మ.

తిప్పమ్మ గింజలు వేయించే మనిషి. కోట వెనక సందులో ఆమె పాక. పాకలో పెద్ద పొయ్యి, దానిమీద మంగలం, అంటే వేయించడానికి వాడే వెడల్పు మూతి కుండ. మంగలంలో ఇసుక పోసి ఎర్రగా కాగబెడుతుంది. అందులో మొక్కజొన్న గింజలు పోసి, పుల్లల కట్టతో తిప్పుతూనే ఉంటుంది. గింజ ఉబ్బి, ఒళ్ళు చిట్లి, గోధుమరంగు తిరుగుతుంది. సరిగ్గా పువ్వులా పేలబోయే ముందు దించేసి జల్లెడ పడుతుంది. ఇసుక కిందికి, గింజ పైకి. పేలనిచ్చారంటే మూటలో చోటు చాలదు, రెండ్రోజుల్లో మెత్తబడిపోతుంది. పేలకుండా ఆపడమే విద్య. ఆ విద్యలో తిప్పమ్మని మించినవాళ్ళు లేరు.

కనకలేఖ పిలిపించి విషయం చెప్పింది. తిప్పమ్మ వేళ్ళ మీద లెక్కేసుకుంది. సగం గింజలు అలాగే ఉంచుతానంది. సగం రోట్లో దంచి, బెల్లం, శొంఠి కలిపి పిండి చేస్తానంది. నూనె చుక్క కూడా తగలకూడదంది, తగిలితే నాలుగోరోజుకి కంపు కొడుతుందంది.

"ఒక మనిషికి ఒక పూటకి ఒక పిడికెడు చాలు అమ్మాయిగారూ. మంగలానికి నా కూలీ కూడా అదే, ఒక పిడికెడు. మీ ధాన్యం పంపించండి."

కోట సరుకుల పెత్తనం దండపాణిది. గాదెలోంచి ఒక బుట్టెడు మొక్కజొన్న తెచ్చి వంటింట్లో చూపించాడు. కనకలేఖ చెయ్యి పెట్టింది. చేతికి పిండి అంటుకుంది. గింజ గింజకీ చిల్లి. వేసవి చివర కదా, కోటలోనే కాదు, ఏ ఇంటి గాదెలో చూసినా పుచ్చులే మిగులుతాయి. వాటినే చెరిగి, విసిరి, గంజి కాచుకుంటారు.

కనకలేఖ మొహం చిట్లించి తల పైకెత్తింది. తెరిచి ఉన్న అటక. వరసలు వరసలుగా జడలు. ఒక్కో గింజా బంగారు పన్నులా మెరుస్తోంది.

"ఇంత మంచి కంకులు పైన తోరణాలు కట్టుకుని, కింద పురుగులు తింటున్నారా? మీకసలు బుర్ర ఉందా?"

దండపాణి కంగారుగా అడ్డొచ్చాడు.

"అమ్మాయిగారూ, అవి..."

"దుమ్ము పడతాయి, అంతేగా? దించు."

దండపాణి నోరు తెరిచాడు. మూశాడు. కిందటి వారం ఒక బంటు ఇలాగే రెండోసారి నోరు తెరిచినందుకు గుర్రపుసాల కడుగుతున్నాడు. రాజుగారు వచ్చాక ఆయనే చూసుకుంటారులే అనుకున్నాడు. నిచ్చెన తెప్పించాడు.

కోట పనివాళ్ళు కూడా అదే భయంతో నోరెత్తలేదు, మధ్యాహ్నానికి అటక ఖాళీ. సాయంత్రానికి కంకులన్నీ ఒలిచేశారు. అరవై ఇళ్ళ గింజలు ఒకే రాశిలో కలిసిపోయాయి. బుట్టలకెత్తి తిప్పమ్మ పాకకి పంపారు.

తిప్పమ్మ దోసిట్లోకి తీసుకుని వాసన చూసింది. పొగ వాసన. పుచ్చు ఒక్కటి లేదు. అదేంటి, ఈ కాలంలో?

"అమ్మాయిగారూ, ఈ గింజలు ఎక్కడ..."

"ఎక్కడివైతే నీకెందుకు తిప్పమ్మా? వేయించడం నీ పని."

కోటవాళ్ళ సొంత చేలోవి కాబోలు అనుకుంది తిప్పమ్మ. రెండోసారి అడగలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆమె ఆ ఒక్కదానికే బాధపడింది.

మొదటిరోజు పొద్దున మంగలం పొయ్యెక్కింది. గింజలు ఇసుకలో పొయ్యడానికి ముందు తిప్పమ్మ ఒక పిడికెడు పచ్చి గింజలు తీసి, పక్కనున్న సొరకాయ బుర్రలో వేసింది. రెండో వాయి ముందు ఇంకో పిడికెడు. మూడో వాయి ముందు ఇంకోటి. సాయంత్రానికి సొరకాయ బుర్ర మెడదాకా నిండింది.

చూడ్డానికి వచ్చిన కనకలేఖ బుర్రలోకి తొంగిచూసింది.

"ఏంటిది, నా కళ్ళముందే దొంగతనమా?"

"కూలీ అమ్మాయిగారూ. ముందే చెప్పాగా. మా అమ్మ కాలం నుంచీ ఇంతే."

"వేయించినవి తీసుకో. పచ్చివి ఏం చేసుకుంటావ్?"

"వేయించింది పొట్టలోకే పోతుంది. పచ్చిది పొట్టలోకైనా పోతుంది, మట్టిలోకైనా పోతుంది. ఎటు పోవాలో రేపు నేను చూసుకుంటా."

కనకలేఖకి కోపం వచ్చింది. అయినా ఆరోజుకి ఊరుకుంది.

రెండోరోజు వస్తూనే తిప్పమ్మ చెయ్యి పట్టుకుని చూసింది. పొయ్యి దగ్గర ముప్ఫై ఏళ్ళు కష్టపడ్డ చెయ్యి. కాయలు కాసి, వేళ్ళు లావెక్కి ఉంది.

"ఇది చెయ్యా, చేటా? దీంతో పిడికెడంటే మా మూటలు సగమైపోతాయి. ఇవాళ్టినుంచి నా పిడికిలే కొలత."

చెప్పి, తన లేత పిడికిలితో తనే కొలిచి బుర్రలో వేసింది. తిప్పమ్మ ఆ చిన్న చేతిని చూసి నవ్వాలో ఏడవాలో తెలియక పుల్లలు తిప్పుకుంటూ ఉండిపోయింది. ఆ సాయంత్రం రెండో బుర్ర సగం కూడా నిండలేదు.

మూడోరోజు దండపాణి మధ్యలో పుల్ల పెట్టాడు. లెక్క ప్రకారం రెండు మూటలు తక్కువ పడతాయన్నాడు. కనకలేఖ ఆలోచించలేదు. మూడు వేళ్ళు కలిపి చూపించింది.

"మంగలానికి ఇంత. చిటికెడు."

"అమ్మాయిగారూ, నా ఒళ్ళు రోజంతా కాలుతోంది."

"ఒళ్ళు కాలితే నీళ్ళు పోసుకో. గింజలెందుకు?"

పక్కనున్న చెలికత్తెలు నవ్వారు. తిప్పమ్మ నవ్వలేదు, తిట్టలేదు. పని మధ్యలో ఆపెయ్యనూ లేదు, మంగలం పొయ్యి మీద ఉండగా వదిలి వెళ్ళడం ఆమె వృత్తిలో లేదు. మూడో బుర్ర అడుగున ఓ నాలుగు గుప్పెళ్ళ గింజలు పడ్డాయి. ఊపితే గిలకలా మోగుతోంది.

నాలుగోరోజు వేయించినవన్నీ చాపల మీద ఆరబోసి, పూర్తిగా చల్లారాకే మూటలు కట్టింది. వేడిమీద కడితే లోపల చెమట పట్టి బూజు వస్తుంది మరి. కట్టేటప్పుడు అందరికీ వినబడేలా చెప్పింది. ఒక పిడికెడు నమలాలి, నీళ్ళు తాగాలి, కాసేపు ఆగాలి. ఆకలి ఇంకా ఉందనిపించినా ఆగాలి. ఎవరు విన్నారు? ఎవరూ వినలేదు.

బయల్దేరారు. మొదటిరోజు సాయంత్రం ఒక బండ మీద దిగారు. మూట విప్పారు. గింజ కరకరలాడుతోంది, పిండి తియ్యగా శొంఠి ఘాటుతో గొంతు దిగుతోంది. దండపాణి ఒక పిడికెడు తిన్నాడు. ఇదేం మూలకని ఇంకోటి తిన్నాడు. ఆరు పిడికిళ్ళయ్యాక తృప్తిగా చెంబెడు నీళ్ళు తాగాడు.

ఎండు పిండికి నీళ్ళు తగిలితే ఏమవుతుందో మీకు తెలుసు కదా? కాసేపటికి దండపాణి పొట్ట లేవడం మొదలుపెట్టింది. మొలతాడు తెగింది. కూర్చోలేడు, పడుకోలేడు, వంగితే పైకి లేవలేడు. నలుగురు పట్టుకుని చెట్టుకి ఆనించారు. పొద్దున్నదాకా డోలులా అక్కడే ఉన్నాడు. అందరూ నవ్వారు, అందరికంటే ఎక్కువ కనకలేఖ నవ్వింది. కానీ ఆ నవ్వులోనే ఎక్కడో తిప్పమ్మ గొంతు గుర్తొచ్చింది. పిడికెడు చాలంది కదా. సరిగ్గానే చెప్పిందే.

రెండోరోజు మధ్యాహ్నం మళ్ళీ మూటలు విప్పారు. మూటలు మోసేవాళ్ళలో ఓబన్న అని ఒక ముసలాయన ఉన్నాడు. పై పల్లెలో రైతు. మొదటిరోజు ఇంటినుంచి తెచ్చుకున్న రొట్టె తిన్నాడు కాబట్టి, వేయించిన గింజలు చేతిలోకి తీసుకోవడం అదే మొదలు.

నోట్లో రెండు వేసుకున్నాడు. నములుతూ అరచేతిలోకి చూసుకున్నాడు. నమలడం ఆగిపోయింది.

అరచేతిలో గోధుమరంగు గింజల మధ్య ఒకటి ఊదారంగులో ఉంది. పక్కన ఇంకోటి. ఓబన్న నోట్లోవి కూడా చేతిలోకి ఉమ్మేశాడు.  చుట్టూ అందరూ కరకరా నములుతున్నారు. ఆయన మాత్రం రాయిలా కూర్చున్నాడు.

కనకలేఖ చూసింది. పళ్ళు లేవా తాతా, దంచి పెట్టించనా అనబోయింది. ఆయన కళ్ళు చూసి ఆగింది. బతుకులో మొదటిసారి ఎదుటిమనిషి మాట పూర్తయ్యేదాకా ఆగింది.

"అమ్మాయిగారూ, కంకి కొసన ఊదా గింజలు మూడు పల్లెల్లోనూ మా చేలో మాత్రమే వస్తాయి. మా తాత తెచ్చిన విత్తనం. కోటలో దాచమని ఇచ్చాం. ఇవి... అటక మీదవా?"

"అవును. అయితే?"

ఓబన్న చెప్పాడు. మెల్లగా, ఒక్కో మాటా. జడలేంటో, అటకేంటో, తొలకరి మర్నాడు ఏం జరుగుతుందో.

కరకర శబ్దం ఆగిపోయింది. నలభై మంది నోళ్ళలో గింజలు అలాగే ఉండిపోయాయి. మింగడానికి లేదు, ఉమ్మడానికి లేదు. కనకలేఖ నోట్లో తియ్యగా ఉన్న పిండి ఉన్నట్టుండి ఇసుకైపోయింది. అరవై ఇళ్ళ వచ్చే ఏడాది తన పళ్ళ మధ్య ఉంది.

సరిగ్గా అప్పుడే పడమట ఉరిమింది.

వెనక్కి తిరిగారు. దారిలోనే వాన పట్టుకుంది. కనకలేఖ తడుస్తూ ఓబన్న పక్కనే నడిచింది. వీటినే విత్తితే ఎలా ఉంటుంది తాతా అని అడిగింది. కాగిన ఇసుకలో పడ్డ గింజకి ప్రాణం ఉండదన్నాడు. పోనీ గాదెలో పుచ్చులు? పురుగు మొదట తినేది మొలకనే అన్నాడు. నది అవతలనుంచి నాన్నగారు తెస్తే? ఓబన్న చేత్తో కిందికి చూపించాడు. కింద లోయలో నది ఎర్రగా పొంగి, చెట్లని దొర్లించుకుపోతోంది. పదిరోజులకి గాని పడవ దిగదు. పదిరోజులు దాటి విత్తితే మంచు పడేలోపు కంకి పాలు పోసుకోదు.

అందరూ ముందుకి వెళ్ళాక దండపాణి పొట్ట పట్టుకుంటూ దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. మూటల్లో ఉన్నవాటికే బూడిద పులిమి పంచేద్దామన్నాడు. బూడిదలో రంగెవరు చూస్తారు? మొలవకపోతే ఈసారి వాన మంచిది కాదని మనమే ముందు అనేద్దామన్నాడు.

కనకలేఖ నిర్ఘాంతపోయింది. దండపాణి మాటకి కాదు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ మాట తనకి నచ్చినందుకు.

"అరవై ఇళ్ళవాళ్ళు మొలక కోసం రోజూ పొద్దున్నే చేలోకి వెళ్ళి చూస్తారు దండపాణీ. వాళ్ళు చూస్తుంటే నేను కిటికీలోంచి చూడాలి. నావల్ల కాదు."

కోట చేరేసరికి వాకిలి నిండా జనం. తొలకరి పడింది కదా, ఎవరి జడ వాళ్ళు తీసుకెళ్దామని బుట్టలతో వచ్చి నిలబడ్డారు. పసుపు రాసిన బుట్టలు. పిల్లలు వానలో గంతులేస్తున్నారు. ఎవరో డప్పు కూడా తెచ్చారు.

కనకలేఖ మెట్టెక్కి నిలబడింది. డప్పు ఆగింది. బట్టలన్నీ బురద, గొంతు బొంగురు. తప్పు దండపాణి మీద వెయ్యలేదు, తెలియలేదని కూడా అనలేదు.

"మీ విత్తనాలు నేను వేయించేశాను. అన్నీ. నాకు చెప్పబోయినవాళ్ళనీ, అడగబోయినవాళ్ళనీ నేనే ఆపేశాను."

  ఒకామె చేతిలోంచి బుట్ట జారి మెట్ల మీంచి దొర్లుకుంటూ వెళ్ళింది. తియ్యడానికి ఎవరూ వంగలేదు.  చిన్నపిల్ల ఒకర్తె, మరి మనం ఏం తింటామమ్మా అని అడిగింది. వాళ్ళమ్మ ఆ పిల్ల నోరు మూసింది.

గుంపు చివర నిలబడ్డ తిప్పమ్మ అది వింది. ఆ పొగ వాసన ఏంటో ఇప్పుడు తెలిసింది. అరవై ఇళ్ళ విత్తనం తన చేతులతోనే మంగలంలో పోసింది. ఆమె గిరుక్కున తిరిగి పాకవైపు పరిగెత్తింది. భయపడి పారిపోతోందనుకున్నారు కొందరు.

కాసేపటికి వచ్చింది. చంకలో మూడు సొరకాయ బుర్రలు.

వాకిట్లో పెద్ద చేట పెట్టించింది. మొదటి బుర్ర వంచింది. గింజలు జలజలా పడ్డాయి. పచ్చివి. నిగనిగలాడేవి. అరవై ఇళ్ళవీ కలిసినవి. ఊదారంగువి కూడా ఉన్నాయి. ఓబన్న వాటిని వేలితో తడిమాడు. కనకలేఖ మెట్టు మీద అలాగే కూలబడింది.

రెండో బుర్ర వంచింది. సగమే పడ్డాయి. మూడోది వంచితే నాలుగు గుప్పెళ్ళు రాలి, లోపల ఇంకేమీ లేదన్నట్టు డొల్లగా మోగింది.

ఆ శబ్దం కనకలేఖ చెంప మీద తగిలింది. ఆ మూడో బుర్ర ఎందుకు ఖాళీగా ఉందో తిప్పమ్మకీ తెలుసు, తనకీ తెలుసు. తిప్పమ్మ చెప్పలేదు. కనకలేఖే లేచి చెప్పింది.

"మొదటిరోజు తిప్పమ్మ తన పిడికిలితో తీసుకుంది. రెండోరోజు నా పిడికిలితో ఇచ్చాను. మూడోరోజు చిటికెడు ఇచ్చాను. తగ్గిందంతా నేను తగ్గించిందే."

తిప్పమ్మ చేట ముందు కూర్చుంది. అడిగినవాళ్ళు లేరు, బతిమాలినవాళ్ళు లేరు. ఇవి తన కూలీ, తినడానికి దాచుకున్నవి, అయినా ఇచ్చేస్తున్నానని ఒక్క మాట కూడా అనలేదు. కనకలేఖని దగ్గరికి పిలిచింది.

"గింజలు నేనిస్తా. పంచేది మాత్రం మీరే. ప్రతి గడపకీ నడిచి వెళ్ళాలి. ఎందుకింత తక్కువని అడిగితే మీరే చెప్పాలి. కొలత నా పిడికిలి."

మూడు పల్లెలు, అరవై గడపలు, రెండ్రోజుల వాన. ముందు తిప్పమ్మ, వెనక చేట నెత్తిన పెట్టుకుని కనకలేఖ. ఇంటికి రెండు పిడికిళ్ళు వచ్చాయి. మూడు బుర్రలూ నిండి ఉంటే ఇంచుమించు నాలుగు వచ్చేవి. ఆ లెక్క ప్రతి గడప దగ్గరా కనకలేఖ నోటితోనే చెప్పింది. కొందరు తలుపేసుకున్నారు. కొందరు విని ఊరుకున్నారు. కింది పల్లెలో ఒక ముసలమ్మ మాత్రం, ఆ చిన్న పిడికిలి ఇటు చూపించమ్మా అంది. చూసి, ఇంత చేత్తో ఎంత పని చేశావే తల్లీ అని తలుపు దగ్గరికి వేసింది. ఆ మాటకి కనకలేఖ ఏడ్చినంతగా ఇంకెక్కడా ఏడవలేదు.

పదో రోజుకి మొలకలొచ్చాయి. చేలన్నీ కాదు, సగం. కానీ వచ్చాయి.

నది తగ్గాక రాజుగారు వచ్చారు. ఖాళీ అటక చూసి గోడ పట్టుకున్నారు. దండపాణిని కొలువులోంచి తీసేస్తానన్నారు.

"ఆయన చెప్పబోతే నేనే నోరు మూయించాను నాన్నగారూ. మిమ్మల్ని కూడా."

రాజుగారు గోడ వదిలి కూర్చున్నారు. ఆరోజు పల్లకీ దిగి రెండోసారి చెప్పాల్సింది నేనే అన్నారు. దండపాణి కొలువు ఉంది. కాకపోతే అటక మెట్ల దగ్గర కాపలా కూర్చోవడమే ఇక ఆయన పని.

ఆ ఏడాది నీలగుంట సగం పొట్టతో బతికింది. మూటల్లో ఉన్న వేయించిన గింజలు, పిండి ఇంటింటికీ పంచేశారు. పూటకి పిడికెడు, చెంబెడు నీళ్ళు, కాసేపు ఆగడం. అవి అయిపోయాక గాదెల్లో పుచ్చుల గంజి, అడవి దుంపలు. కోటలో కూడా అదే తిండి. ఎవరూ చావలేదు. పిల్లలు మాత్రం మొక్కజొన్న పేరెత్తితే మొహం తిప్పుకునేవాళ్ళు.

పంట వచ్చింది. కంకులు మళ్ళీ జడలయ్యాయి, జడలు మళ్ళీ అటకెక్కాయి. ఇళ్ళలోకి కూడా తిండి గింజలు వచ్చాయి. మళ్ళీ వేసవి వచ్చింది.

ఒకరోజు పొద్దున్నే కనకలేఖ తిప్పమ్మ పాక ముందు నిలబడింది. నెత్తిమీద బుట్ట. ఈసారి గాదెలోవే, పుచ్చులు ఒక్కోటీ తనే ఏరి పారేసింది. ఏనుగుతల కొండ అక్కడే ఉంది కదా, వెళ్దామనుకుంటోందట. ఓబన్న తాత దారి చూపిస్తానన్నాడట.

"తిప్పమ్మత్తా, వేయించి పెడతావా?"

తిప్పమ్మ గింజల వాసన చూసింది. ఎక్కడివని అడిగింది. కనకలేఖ మొత్తం చెప్పింది. తిప్పమ్మ ఇంకోసారి అడిగింది. కనకలేఖ ఇంకోసారి మొత్తం చెప్పింది. అప్పుడు మంగలం పొయ్యెక్కింది.

గింజలు పోసేముందు తిప్పమ్మ బుట్టలోకి చెయ్యి పెట్టింది. అదే చెయ్యి, చేటంత చెయ్యి. పిల్ల మారిందని జాలిపడలేదు, రాజుగారి కూతురని మొహమాటపడలేదు. నిండుగా ఒక పిడికెడు తీసి బుర్రలో వేసుకుంది. ఒక్క గింజ తగ్గించలేదు.

కనకలేఖ ఆ చెయ్యి బుర్రలోకి వెళ్ళేదాకా చూసి, హమ్మయ్య అనుకుంది.

ఒకరి కష్టానికి దక్కాల్సిన పిడికిలిని మనం చిన్నది చేస్తే, తగ్గిన ఆ గింజలు ఏదో ఒకరోజు మన కంచంలోనే తక్కువ పడతాయి.